సరిబరువు రాయి

ధైద్, షార్జా
2 అక్టోబరు 2006

అన్న కరీముల్లాకు చెల్లెలు జైబున్నీసా సలాం చేసి రాసేది.

ఇక్కడ నేను బాగున్నానని రాయాలంటే భయంగా ఉంది. పోయిన ఉత్తరంలో అట్లా రాసి డబ్బాలో వేసిన మరునాడే వంటింట్లో కాలు జారి పడ్డాను. అందుకని ఈసారి ఆ మాట రాయను, నువ్వే అర్థం చేసుకో. నీ మోకాలు ఎట్లా ఉంది? మిద్దె కారుతోందా? మేకలను చీకటి పడకముందే లోపల కట్టేస్తున్నారా? కుక్కలు తిరుగుతున్నాయని జిలానీ బాషా చెప్పినప్పటి నుంచి నాకు అదే దిగులు. జిలానీ బాషా ఈ ఇంటి డ్రైవరు, మన పక్క వీధి సర్వర్ బేగం మొగుడు. ఫోను చేద్దామంటే నీకు వినపడదు. "మందులు వేసుకుంటున్నావా" అని నేను ఆరుసార్లు అరిస్తే నువ్వు నీ పాటికి నువ్వు మేక ఈనిన సంగతి చెప్పుకుంటూ పోయావు. కార్డు అయిపోయింది. ఉత్తరమే నయం.

ఈ ఇంటి పెద్దాయన హుమైద్ గురించి ముందే రాశాను కదా. ఎనభై దాటాయి, రెండు కళ్ళూ పోయాయి. ఈయన పడుచుతనంలో చేసింది కూడా మన నాయన పనే అన్నా. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను, ఈ మధ్యనే తెలిసింది. ఫుజైరా వైపు సముద్రం దగ్గర ఎండుచేపలు, ఉప్పు గాడిదల మీద వేసుకుని మూడు రోజులు కొండల్లో నడిచి ఈ ధైద్‌కు వచ్చేవారట. ఇక్కడ బరువంతా ఒంటెల మీదికి మార్చి ఇసుకలో దుబాయ్ దాకా ఇంకో మూడు రోజులు. తిరిగి వచ్చేటప్పుడు బియ్యం, కాఫీగింజలు, గుడ్డ. ఇప్పుడు జిలానీ బాషా అదే దూరం పొద్దున పోయి మధ్యాహ్నానికి వస్తాడు, మధ్యలో రెండు టీలు కూడా తాగుతాడు.

ఆ దారిలో ఈయన తమ్ముడు ఖల్ఫాన్‌ను పాము కరిచింది. అక్కడే ఒక వాదీలో పూడ్చిపెట్టి ముందుకు వచ్చేశారు. వాదీ అంటే కొండల మధ్య ఎండిపోయిన వంక. ఇప్పుడు ఆ వాదీలో కొత్త రోడ్డు వేస్తున్నారు. యంత్రాలు వచ్చేలోగా సమాధి చూపిస్తే ఎముకలు తీసి ఊరి ఖబరస్తాన్‌లో పెట్టుకోవచ్చని రోడ్డు పని చూసే ముదీర్ చెప్పాడట. చూపించలేకపోతే మట్టిలో మట్టి. కొడుకు రాషిద్ రెండుసార్లు కారులో తీసుకుపోయాడు. పెద్దాయనకు ఏమీ తెలియలేదు. తెలియదు మరి, అది కాళ్ళతో నేర్చుకున్న దారి.

నిన్న ఇఫ్తార్ అయ్యాక నన్ను పిలిచాడు. ఆయనకు బొంబాయి హిందీ కొంచెం వచ్చు. "జైబా, మీ నాయన ఎద్దుల మీద ఉప్పు మోసేవాడన్నావు. బరువు సంగతి తెలిసిన దానివి. నాతో కొండకు వస్తావా?" అన్నాడు. సరే అన్నాను. అనేశాక భయం పట్టుకుంది. పాములుంటాయి, ఎక్కడో వాన పడితే వాదీ ఒక్కసారిగా పొంగుతుందట. అయినా మాట ఇచ్చాను, పోతాను.

నువ్వు నాయనతో ఎన్నోసార్లు రాపూరు కనుమ దాటావు. మజిలీ ఎట్లాంటి చోట వేసేవారు, ఏ గుర్తు చూసి ఆగేవారు, అంతా రాయి. ఇంకో మాట. ఈసారి వచ్చినప్పుడైనా రాపూరు మసీదు దగ్గర నాయన ఖబర్‌కు నన్ను తీసుకుపో. నేను బతికుండగా అక్కడ ఫాతిహా చదవాలి. ఎప్పుడడిగినా ఏదో ఒక అడ్డం చెప్తావు.

కిటికీ గడియ సరిగా వేసుకుని పడుకో.

నీ చెల్లెలు
జైబున్నీసా

*

చిట్వేలి
19 అక్టోబరు 2006

జైబూకు దీవెనలు.

నీ ఉత్తరం కంటే ముందు నీ కబురు వచ్చింది. ముసలి షేకు మన జైబున్నీసాను కొండలు చూపించడానికి తీసుకుపోతున్నాడని సర్వర్ బేగం కొళాయి దగ్గర చెప్పిందట. సాయంత్రానికి బజారులో నీకు నికా అయిపోయింది. రాత్రి నమాజుకు పోతే ఇద్దరు నాకు ముబారక్ చెప్పారు. ఒకడు "బావగారు ఏం పంపుతున్నాడబ్బీ?" అన్నాడు. వాణ్ణి కొట్టేవాణ్ణే, కానీ చెప్పు మసీదు బయట ఉంది.

అరవై దాటిన మనిషివి. పరాయి మగవాడి చెయ్యి పట్టుకుని కొండలెక్కుతావా? వంట చెయ్యడానికి పోయినదానివి వంట చెయ్యి. నీకు ఆ ఇంట్లో నోరెత్తి కాదనడం చేతకాకపోతే ఇక చాలు, ఖలాస్ అని చెప్పి వచ్చేయ్. నాకున్న ముద్దలో నీకూ ఒక ముద్ద ఉంటుంది.

మజిలీలూ గుర్తులూ నాకేమీ జ్ఞాపకం లేవు. యాభై ఏళ్ళు దాటింది. రాపూరు సంగతి ఎత్తవద్దని నీకు ముందే చెప్పాను. ఆ ఊరు మారిపోయింది. అక్కడ ఇప్పుడు ఎవరి ఖబర్ ఏదో ఎవరికీ తెలియదు.

మేకలు బాగున్నాయి.

కరీముల్లా

*

ధైద్
3 నవంబరు 2006

అన్నకు జైబున్నీసా సలాం. పండగకు నువ్వు కొత్త గుడ్డలు కట్టుకున్నావో లేదో.

నా నికా విందుకు పొట్టేలు కోశావా లేదా? పెళ్ళికొడుకు సంగతి చెప్తాను విను. నోట్లో మూడు పళ్ళున్నాయి, అవీ కదులుతున్నాయి. అన్నం మెత్తగా పిసికి ముద్ద చేసి నేనే నోట్లో పెడతాను. కారం తగిలితే చిన్నపిల్లవాడిలా నాలుక బయట పెట్టి కూర్చుంటాడు. ముబారక్ చెప్పిన వాళ్ళకు ఇది చెప్పు. జిలానీ బాషాను నేను నిలదీశాను. "నేను మంచికే చెప్పినా పెద్దమ్మా, నా పెళ్ళామే కొంచెం ఉప్పూ కారం చల్లింది" అన్నాడు. ఆ కొంచెం ఎంతో నాకు తెలుసు.

నువ్వు కోపంగా రాసినందుకు నాకు బాధ లేదు. నీ అక్షరాలు చూసి గుండె జారిపోయింది. వరసలన్నీ కుడివైపుకు వాలిపోయాయి. పక్షవాతం వచ్చిందా? నా దగ్గర దాస్తున్నావా? నోరు వంకర పోయిందా? నిజం రాయి. రెండు రాత్రులు నిద్ర లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పండగ మూడోరోజు ఇంట్లో గొడవ అయింది. పెద్దాయన మళ్ళీ సమాధి మాట ఎత్తాడు. "ఖల్ఫాన్ తల దగ్గర తెల్లరాయి పెట్టినాను. సముద్రం రాయి. దానికి గవ్వలు అతుక్కుని ఉంటాయి" అన్నాడు. రాషిద్ నెత్తి కొట్టుకున్నాడు. "అబ్బా, అక్కడంతా నల్లకొండ. సముద్రం రాయి కొండెక్కి ఎట్లా వస్తుంది? నీకు కల వచ్చింది. ఖలాస్!" అన్నాడు. పెద్దాయన మొహం నల్లబడింది. తనకే అనుమానం వచ్చినట్టుంది.

నేను గుమ్మంలో నిలబడి ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. నోరు ఊరుకోలేదు. "సరిబరువుకు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఇంటి మామా అయితే, ఇక్కడ ఇంటావిడను అట్లాగే పిలుస్తాం, వంటమనిషికి ఏం తెలుసన్నట్టు చూసింది. నేను పెద్దాయన చేతికర్ర తీసుకున్నాను. ఒక చివర ఉల్లిపాయల సంచి, ఇంకో చివర నీళ్ళచెంబు కట్టి నడుమ పట్టుకున్నాను. చెంబులో నీళ్ళు కొన్ని ఒంపేశాను. కర్ర ఒక పక్కకు వాలిపోయింది. చెంబులో ఒక ఉల్లిపాయ వేశాను. కర్ర లేచి నిలబడింది. తివాచీ తడిసినందుకు మామా అరిచింది, అది వేరే సంగతి.

గాడిదకు ఒక పక్క నీళ్ళతిత్తి, ఒక పక్క చేపల సంచి. దారిలో నీళ్ళు తాగేకొద్దీ ఒక పక్క తేలికవుతుంది, జీను జారుతుంది, జంతువు వీపు పుండు పడుతుంది. అందుకని బయలుదేరేటప్పుడే సముద్రం ఒడ్డున రాళ్ళు ఏరి వీపు నడుమ పెట్టుకుంటారు, నీళ్ళు తగ్గేకొద్దీ తిత్తి వైపుకు జరుపుతారు. పెద్దాయన నా చెయ్యి తడుముతూ "ఐవా, ఐవా! అవును, అదే! దీనికి ఎట్లా తెలుసు?" అని ఏడ్చాడు. నాకు తెలియకపోవడమేమిటి అన్నా? ఉప్పు కరిగి ఒక పక్క కంట్లం గోనె తేలికైతే నాయన రాయి వేసేవాడు కాదా? అమ్మ రుబ్బురోలు పొత్రం జారిపడి రెండు ముక్కలైతే, "ఇది నా ఎద్దుకు సరిబరువు రాయి" అని ఒక ముక్క పట్టుకుపోలేదా? రెండో ముక్కనే కదా ఇప్పటికీ నువ్వు తలుపుకు అడ్డం పెడుతున్నావు!

కానీ రాయి ఉన్నదని తెలిస్తే చాలదు, వాదీ చాలా పొడవు. ఊట పక్కన మజిలీ వేశామని ఆయన అంటాడు. ఆ వాదీలో ఒకప్పుడు పదకొండు ఊటలుండేవట, ఇప్పుడు ఒక్కటీ లేదు, అన్నీ ఎండిపోయాయి. కళ్ళు లేని మనిషి ఏది ఏదని చెప్తాడు? యంత్రాలు డిసెంబరు పదిహేనుకు అక్కడికి వస్తాయి. ఎండిపోయిన ఊట దగ్గర పాత మజిలీని ఎట్లా పట్టాలి? నాయన నీకు ఏదో ఒకటి నేర్పే ఉంటాడు. జ్ఞాపకం లేదనకు. కూర్చుని జ్ఞాపకం తెచ్చుకో.

శుక్రవారం వంట ఎవరు చేస్తారని మామా నన్ను పోవద్దంటోంది. గురువారమే వండి పెట్టి పోతాను. ఇంట్లోంచి తీసేస్తే తీసేయనీ.

పక్షవాతం సంగతి మొదట రాయి.

జైబున్నీసా

*

చిట్వేలి
17 నవంబరు 2006

జైబూ,

పక్షవాతం లేదు, గాడిదగుడ్డూ లేదు. కళ్ళజోడు మీద మనవరాలు కూర్చుంది. ఒక కంటికే అద్దం ఉంది. అందుకే వరసలు వాలాయి. ఇప్పుడు కూడా వాలుతున్నాయి, మళ్ళీ ఏడవకు.

మూడు పళ్ళ సంగతి బజారులో చెప్పాను. ఇప్పుడు వాళ్ళు నిన్ను కాదు, నన్ను చూసి నవ్వుతున్నారు. నాకు నాలుగున్నాయి.

నువ్వు అడిగినదానికి జవాబు. నీళ్ళు పోతాయి గానీ రాళ్ళు పోవు. ఊట దగ్గరికి రాగానే తోలుసంచి మళ్ళీ నింపుతాం కదా. సంచి నిండితే సరిబరువు రాయితో పనిలేదు, అక్కడే విసిరేస్తాం. తరతరాలుగా పోయేవాళ్ళంతా అక్కడే విసురుతారు. కాబట్టి ప్రతి మంచి ఊట దగ్గరా ఆ కొండవి కాని రాళ్ళు కుప్పగా ఉంటాయి. మన కనుమలో జువ్విచెట్ల మలుపు దాటి ఎడమకు తిరిగితే మూడు నిలువుల బండ వస్తుంది, దాని కింద ఊట. ఎండిన ఏడు కూడా నాయన ఆ రాళ్ళకుప్పను చూసే మజిలీ వేశాడు. మైదానం రాళ్ళు, ఏటి గులకరాళ్ళు, పాత ఇటుకముక్కలు, అన్నీ ఉండేవి.

రాళ్ళకుప్ప దగ్గరే ఆగకూడదు. మనుషులు పడుకునేది వంక పొంగినా అందని గట్టు మీద. జంతువులను కట్టేది గట్టుకు, వంకకు నడుమ. ఖబర్ ఇంకా పైన, ఎద్దులు తొక్కని చోట, బండ నీడ పడే వైపు. అక్కడ వెతకమను.

నువ్వు చెయ్యి పట్టుకుని నడిపించవద్దు. తాడు చివర పట్టుకోమను.

కరీముల్లా

*

ధైద్
4 డిసెంబరు 2006

అన్నకు చెల్లెలు సలాం.

కళ్ళజోడు అద్దం వెంటనే వేయించుకో. ఒక కంటితో చూస్తే రెండో కన్ను మూసుకుపోతుందట, మా వీధిలో ఒకరికి అట్లాగే అయింది.

నీ ఉత్తరం బుధవారం చేరింది. శుక్రవారం తెల్లవారుతూనే బయలుదేరాం. నేను, పెద్దాయన, రాషిద్, జిలానీ బాషా. గురువారం వండిన అన్నం, చేపలపులుసు ఇంట్లో పెట్టి, మూతల మీద బరువు పెట్టి వచ్చాను, పిల్లి తిరుగుతోంది. వాదీ మొదట్లో కారు ఆపారు. పెద్దాయన చెప్పులు విప్పేశాడు. నువ్వు చెప్పినట్టే తాడు ఒక చివర ఆయనకు, ఒక చివర నాకు. జిలానీ బాషా వెనక నుంచి "పెద్దమ్మా, పెళ్ళి ఊరేగింపా ఇది? బ్యాండు పిలిచేదా?" అన్నాడు. "ముందు నీ పెళ్ళాం నోటికి తాళం కొని పంపురా" అన్నాను. రాషిద్‌కు అర్థం కాకపోయినా నవ్వాడు.

నాకు ప్రతి అడుగుకూ భయమే. రాయి కదిలితే పాము, ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే వరద. ఎన్ని ఆయతులు చదివానో లెక్కలేదు. పెద్దాయన మాత్రం పాదాలతో నేలను చదువుతూ నడిచాడు. ఒకచోట ఆగి "ఇక్కడ గాడిదలు మొరాయించేవి" అన్నాడు. చూస్తే ఇరుకు సందు. ఆ తర్వాత ఇంకేమీ తెలియలేదు ఆయనకు. వంగి వంగి నేల మీద వెతుకుతున్నది నేనే. అన్నీ నల్లరాళ్ళు, ఎండకు మాడిన రొట్టెల్లా.

పొద్దు నడినెత్తికి వచ్చింది. "వెనక్కి పోదాం, నాన్న తట్టుకోలేడు" అన్నాడు రాషిద్. ఇంకొక్క మలుపు అన్నాను. ఆ మలుపూ అయింది, ఏమీ లేదు. ఇంకొకటి అన్నాను. "పెద్దమ్మా, నువ్వు పడితే నేను మోయలేను, ఇప్పుడే చెప్తాండా" అన్నాడు జిలానీ బాషా. అప్పుడు రాషిద్ కోపంగా కాలితో ఒక రాయిని తన్నాడు. అది దొర్లి వెల్లకిలా పడింది. కిందివైపు తెల్లగా ఉంది. రాషిద్ వంగి చూసి అట్లాగే కూర్చుండిపోయాడు. దానికి గవ్వ అతుక్కుని ఉంది.

చుట్టూ చూస్తే, అన్నా, దుమ్ము కింద అన్నీ అవే. బొక్కలు బొక్కల రాళ్ళు, గవ్వల రాళ్ళు, నాలుగు బండ్లకు సరిపోయేటన్ని. ఎన్ని తరాల గాడిదలు మోశాయో! రాళ్ళకుప్ప దగ్గర ఆగకూడదని నువ్వు రాసింది గట్టిగా చదివాను. గట్టెక్కాం. ఇంకా పైకెక్కాం. బండ నీడ పడేచోట నిలువు పొడుగున నల్లరాళ్ళ వరస, దాని తల దగ్గర ఒక్కటే తెల్లరాయి.

పెద్దాయన కూర్చుని ఆ రాయిని రెండు చేతులా తడిమాడు. వేలు నాలుక మీద పెట్టుకుని "ఇంకా ఉప్పగానే ఉంది" అన్నాడు. తర్వాత నేల మీద అరచెయ్యి వేసి, ఎదురుగా మనిషి ఉన్నట్టు, "ఖల్ఫాన్, ఆలస్యమైంది. యల్లా, లే, ఇంటికి పోదాం" అన్నాడు. రాషిద్ తండ్రి పాదాల మీద పడ్డాడు. కల వచ్చిందన్నాడు కదా మరి.

ముదీర్ మనుషులు శనివారం వచ్చి చూసి రాసుకున్నారు. ఈ పొద్దు ఎముకలను ధైద్ ఖబరస్తాన్‌కు తెచ్చారు. యంత్రాలు రావడానికి ఇంకా పదకొండు రోజులుంది.

ఇప్పుడు నీ సంగతి. నీకు ఏమీ జ్ఞాపకం లేదన్నావు. జువ్విచెట్లు, మూడు నిలువుల బండ, ఇటుకముక్కలు, అన్నీ రాశావు. అది సరే. "ఖబర్ ఇంకా పైన, ఎద్దులు తొక్కని చోట, బండ నీడ పడే వైపు" అని కూడా రాశావు. నేను అడిగింది మజిలీ గురించి. ఖబర్ ఎక్కడ తవ్వుతారని నేను అడగలేదు.

కనుమలో మీరు ఎవరిని పూడ్చిపెట్టారు అన్నా?

జైబున్నీసా

*

చిట్వేలి
22 డిసెంబరు 2006

చెల్లెలు జైబున్నీసాకు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది. దీన్ని చించను.

నాయన రాపూరులో లేడు.

ఆ ఏడు వానలు ముందుగా పట్టుకున్నాయి. మేము ఏడుగురం, ఎద్దులు ఇరవై. ఉప్పు వేసుకుని రాపూరు దాటి కనుమ ఎక్కేటప్పుడే నాయనకు చలిజ్వరం. మజిలీకి వచ్చేసరికి మాట పడిపోయింది. వెనక్కి రాపూరు తీసుకుపోదామని నా మనసులో ఉంది. తక్కినవాళ్ళు "వాన వస్తాంది, ఆగితే అందరి ఉప్పూ కరిగిపోతుంది" అన్నారు. నాకు పదిహేడేళ్ళు. నోరెత్తలేదు. తెల్లవారేసరికి నాయన లేడు.

ఊట నీళ్ళతో కడిగాను. కఫన్ గుడ్డ లేదు. ఒక కంట్లంలోని ఉప్పు ఒంపేసి, దాని కుట్లు విప్పి ఆ గోనెలో చుట్టాం. జనాజా చదివించేవాళ్ళు లేరు. నాకు వచ్చిన రెండు సూరాలు చదివాను. గుంట లోతుగా తవ్వనివ్వలేదు, వాన మొదలైంది. తల దగ్గర ఏ కొండరాయి పెట్టినా రేపు కొండలో కలిసిపోతుంది. అందుకని నాయన ఎద్దు మీదున్న అమ్మ పొత్రం ముక్క తీసి పెట్టాను. ఎద్దును తోలుకుంటే అది ఒక పక్కకు ఒరుగుతూనే ఇంటిదాకా వచ్చింది.

వాకిట్లో అమ్మ ఏడవలేదు. మొదట "కఫన్ ఎవరిచ్చారు?" అని అడిగింది. గోనెలో చుట్టామని ఎట్లా చెప్పేది? "రాపూరు మసీదువాళ్ళు ఇచ్చారమ్మా, వాళ్ళ ఖబరస్తాన్‌లోనే పెట్టాం, ఊరంతా వచ్చింది" అన్నాను. ఆ మాటతో అమ్మ కూలబడి ఏడ్చింది, నెమ్మదిగా కోలుకుంది కూడా. ఆ తర్వాత ఎట్లా మార్చను? అమ్మ ప్రతి షబేబరాత్‌కు రాపూరు వైపు తిరిగి ఫాతిహా చదివేది. నేను పక్కన కూర్చుని ఆమీన్ అనేవాణ్ణి. వెనక్కి తీసుకుపోనివ్వని తప్పు తమది కాబట్టి తక్కినవాళ్ళూ ఊళ్ళో నా మాటే చెప్పారు. మన ఇంట్లో, అక్కడ నాయన లేడని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నువ్వు రాపూరు అన్నప్పుడల్లా నాకు ఎండుగడ్డికి నిప్పు తగిలినట్టుండేది. నీ ఉత్తరాలన్నీ నన్ను పట్టించడానికే రాస్తున్నావనుకున్నాను. ఆ ముసలాయన కథ నువ్వు కల్పించిందేమో, నీకెవరో చెప్పారేమో అని కూడా అనుకున్నాను. తమ్ముణ్ణి వెతుక్కుంటూ గుడ్డివాడు చెప్పులు విప్పి నడిచాడని చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నాకు రెండు కళ్ళు, ఒక అద్దం ఉన్నాయి. దారి అంతా తెలుసు. నేను మాత్రం యాభై ఏళ్ళలో ఒక్కసారి ఆ కనుమ ఎక్కలేదు.

నన్ను ఏమనాలో అను.

కరీముల్లా

*

ధైద్
9 జనవరి 2007

అన్నకు జైబున్నీసా సలాం.

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి పోయి ఉల్లిపాయలన్నీ తరిగేశాను. వారానికి సరిపడా ఉల్లిపాయలు. మామా వచ్చి చూసి వెళ్ళిపోయింది. ఖల్ఫాన్‌ను తెచ్చినప్పటి నుంచి నన్ను ఏమీ అనడం లేదు.

కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. నాకు చెప్పి ఉండాల్సింది. అమ్మ పోయిన తర్వాతైనా చెప్పాల్సింది. నేను ఊరికి వచ్చిన ప్రతిసారీ రాపూరు బస్సు ఎక్కుతానంటే నువ్వు బస్టాండుకు వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చావు. నీకు నా మీద ప్రేమ లేదనుకున్నాను అన్నా. అదొక్కటే నాకు కష్టంగా ఉంది. గోనె సంగతికి కాదు. ఉప్పు మోసినవాడికి ఉప్పు గోనె అవమానం కాదు. నువ్వు కడిగావు, చదివావు, గుర్తు పెట్టావు. పదిహేడేళ్ళవాడు వానలో ఇంకేం చేస్తాడు?

ఇంకొకటి ఆలోచించాను. అమ్మ చిట్వేలిలో కూర్చుని రాపూరు వైపు తిరిగి దువా చేసేది కదా. రాపూరు పోయేది ఏదైనా ఆ కనుమ దాటే పోవాలి. నాయన దారిలోనే ఉన్నాడు. ఆ దువా ఆయనను దాటి పోయి ఉండదు.

నాకు రెండు నెలల సెలవు ఇచ్చారు. ఫిబ్రవరి పదకొండున మద్రాసులో దిగుతాను. ఆ రోజు విమానం సరిగా వస్తుందో లేదో, నా సంచి ఇంకెవరైనా పట్టుకుపోతారో ఏమో. అక్కడి నుంచి రైల్లో వస్తాను, నువ్వు స్టేషనుకు రావద్దు, జనంలో పడిపోతావు. ఇంట్లోనే ఉండు. కళ్ళజోడుకు రెండు అద్దాలూ వేయించుకుని ఉండు. వానలు పోయి ఉంటాయి, ఎండలు ఇంకా ముదరవు, కనుమకు అదే సమయం. ముసలివాళ్ళం ఎట్లా ఎక్కుతామని అడగవద్దు. మూడు పళ్ళ మనిషి ఎక్కాడు, నీకు నాలుగున్నాయి. నన్ను వదిలి ముందుగా నువ్వొక్కడివే పోయావంటే మాత్రం జన్మలో మాట్లాడను. జువ్విచెట్లు కొట్టేసి ఉంటారేమో, ఊట ఉందో లేదో, అవన్నీ నేను దిగులు పడుతున్నాను, నువ్వు పడనక్కర్లేదు. బండను ఎవరూ ఎత్తుకుపోరు. రాళ్ళకుప్పా పోదు.

పెద్దాయనకు నీ ఉత్తరం చదివి వినిపించాను, నాకు వచ్చిన హిందీలో. ఖల్ఫాన్ తల దగ్గరి తెల్లరాయి తెప్పించాడు. కొత్త సమాధికి రాయి వాళ్ళు చెక్కించారు, ఇది మిగిలిపోయింది. "మీ నాయనకు ఇవ్వు. ఒక పనివాడు ఇంకొక పనివాడికి" అన్నాడు. తీసుకుని కొంగులో కట్టుకున్నాను. మూడు కిలోలుంది. విమానంలో రాయి తీసుకుపోనిస్తారో, దొంగ సరుకని పట్టుకుంటారో అని నిద్ర పట్టడం లేదు. పట్టుకుంటే నిజమే చెప్తాను, తీసేయమంటే బట్టలు తీసేస్తాను, రాయి తీయను. ఇది నా పెళ్ళి కానుక అని సర్వర్ బేగంకు ముందే చెప్పు. ఆమె చెప్తే ఊళ్ళో ఎవరూ ఇంకోమాట అనరు.

తలుపు దగ్గరి పొత్రం ముక్క కడిగి ఎండలో పెట్టు. తలుపుకు ఇంకేదైనా అడ్డం చూసుకో. ఒక భుజపు సంచి కుట్టించు, రెండు అరలది, గట్టి గుడ్డతో. ముందు అరలో పొత్రం ముక్క, వెనక అరలో ఈ రాయి. రెండూ ఇంచుమించు ఒకటే బరువు, పొత్రం ముక్క బరువు నా చేతికి ఇంకా గుర్తుంది, జారదు.

సంచి నేను మోస్తాను. నువ్వు ముందు నడిచి దారి చూపించు.

నీ చెల్లెలు
జైబున్నీసా